కదలని పనిబల్ల – ఉన్నంతలో బాగుచేసుకుందాం



మన పల్లెల్లో చాలా ఇళ్ళ వసారాలోనో, పశువుల కొట్టం పక్కన రేకుల పంచలోనో ఒక పాత బల్ల ఉంటుంది. పారకు కామ వేయాలన్నా, విరిగిన కుర్చీ కాలు అతికించాలన్నా, సైకిలు చక్రం విప్పాలన్నా ఇంటివారికి ఆ బల్లే ఆధారం. కొందరికి అది బ్రతుకుతెరువు కూడా. తలుపులు, కిటికీలు, మంచాలు చేసే వడ్రంగి, పంపులు, మోటార్లు బాగుచేసే మెకానిక్కు దానిమీదనే నాలుగు మెతుకులు సంపాదిస్తారు. అయితే రందా ఒక్క తోపు తోస్తే చాలు, బల్ల కూడా దానితోబాటు ముందుకు నడుస్తుంది. కొలత తప్పుతుంది, కొయ్య పాడవుతుంది, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. "కొత్తది కొందామంటే డబ్బు లేదు" అని అలాగే నెట్టుకొస్తాము.

ఈ నెల మన కుటుంబాల కోసం ఈ చిన్న విషయాన్నే తీసుకున్నాము. పాత బల్లను బాగుచేయడానికి పెద్ద మొత్తం అక్కరలేదు. ఏది ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి అనే వరుస తెలిస్తే చాలును.

పనిముట్లు లేని ఇంటి కష్టం

మొదటి సమూయేలు గ్రంథం 13వ అధ్యాయం చివర ఒక సంగతి ఉన్నది. ఇశ్రాయేలు దేశంలో కమ్మరి అన్నవాడు లేకుండా పోయాడు. నాగలి నక్కు గాని, గొడ్డలి గాని పదును చేయించుకోవాలంటే ప్రతివాడూ ఫిలిష్తీయుల దగ్గరికి పోవలసి వచ్చింది. యుద్ధంలో ఓడిపోవడం ఒక్కటే బానిసత్వం కాదు, చిన్న పనికి కూడా పరాయివాడి గడప తొక్కడం మరొక విధమైన బానిసత్వమని ఆ భాగం మనకు చూపుతుంది.

మన సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతపు రైతు ఇంటికి ఈ మాట బాగా అర్థమవుతుంది. మృగశిర కార్తె వచ్చి మొదటి వాన పడిన రోజున గుంటక పట్టె విరిగితే, దానిని పట్టుకొని పట్నం పోయి రావడానికి ఒక దినం పోతుంది. ఆ దినపు కూలి, బస్సు ఛార్జీ, పదును మీదున్న నేల – మూడూ నష్టమే. ఇంట్లో కదలని బల్ల ఒకటి, దానిమీద బిగించిన వైసు ఒకటి ఉంటే ఆ పని గంటలో ముగుస్తుంది.

ప్రభువు కాలంలో బల్ల ఎలా ఉండేది?

మార్కు సువార్త 6:3లో నజరేతువారు మన ప్రభువును వడ్లవాడని చిన్నచూపు చూశారు. వారు అవమానంగా పలికిన ఆ మాట చేతిపని చేసుకొనే ప్రతి కుటుంబానికీ గౌరవమే తెచ్చింది. ఆయన వాడిన బల్ల మనకు దొరకలేదు గాని, అదే శతాబ్దంలో వడ్రంగులు ఎలా పనిచేశారో చూపే చిత్రం ఒకటి ఉన్నది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఇటలీలోని హెర్కులేనియం పట్టణం పూడిపోయింది. అక్కడ త్రవ్వకాలలో బయటపడిన ఒక గోడచిత్రంలో వడ్రంగులు కొయ్యను బల్లమీద పెట్టి రంపంతో కోస్తున్నారు. ఆ బల్లలో బెజ్జాలు ఉన్నాయి, కొయ్యను అదిమిపట్టే ఇనుప కొక్కెం ఉన్నది.

కదలని కాళ్ళు, చదునైన పలక, కొయ్యను పట్టి ఉంచే ఏర్పాటు – ఈ మూడే ఆనాడైనా ఈనాడైనా బల్లకు కావలసినవి. మన ఊరి వడ్లవారు నేలమీద కూర్చొని కాలి వేళ్ళతో కొయ్యను తొక్కిపట్టి బాడిసతో చెక్కడం అందరూ చూసినదే. వారికి నేలే బల్ల, కాళ్ళే వైసు. నేల ఊగదు గనుకనే ఆ పని అంత నేర్పుగా సాగుతుంది.

ముందు కూర్చుండి లెక్క చూసుకొందాం

గోపురం కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉన్నది. చేతిలో రెండు వేల రూపాయలే ఉన్నాయనుకొందాం. చాలామంది ఆ డబ్బుతో దుకాణానికి పోయి ముందు మెరిసే పనిముట్టు కొంటారు. ఊగే బల్లమీద ఎంత మంచి పనిముట్టు పెట్టినా పని వంకరగానే వస్తుంది. కాబట్టి మొదటి ఖర్చు కాళ్ళకు, రెండవది పలకకు, మూడవది వైసుకు, చివరిది మిషన్లకు. ఒక్కొక్క నెల ఒక్కొక్కటి చేసుకొన్నా నష్టం లేదు.

ఊగిసలాట ఆపడం

బల్ల చివరను పట్టుకొని పొడవుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తోసి చూడండి. ఒక కాలు నేలకు ఆనకపోతే దాని కింద నాపరాతి ముక్క పెట్టండి. నాలుగు కాళ్ళ కిందా రాతి ముక్కలు వేస్తే నేల తేమ తగలదు, చెదలు ఎక్కితే ముందే కంటపడతాయి.

కాళ్ళు ఆనినా బల్ల ఊగుతుంటే లోపం చట్రంలో ఉన్నట్టు. నాలుగు కర్రల చట్రానికి ఎన్ని మేకులు కొట్టినా పక్కకు తోస్తే వాలిపోతుంది. మూడు కర్రల త్రికోణమైతే కర్ర విరిగితే తప్ప ఆకారం మారదు. రేకుల షెడ్డుకు వేసే ఇనుప దూలాలలో అన్నీ త్రికోణాలే ఉండడానికి కారణం ఇదే. కాబట్టి వెనుక వైపు ఒక కాలి అడుగు నుండి ఎదుటి కాలి పైభాగానికి ఏటవాలుగా ఒక గట్టి పట్టె బిగించండి. రెండు పక్కలా కూడా అలాగే చేయండి. పాత ప్లైవుడ్ ముక్క ఉంటే వెనుక భాగమంతా దానితో మూసివేసినా అదే ఫలితం వస్తుంది.

కీళ్ళ దగ్గర మేకులకు బదులు నట్టు బోల్టులు, వాటికి పెద్ద వాషర్లు వేయండి. ఎండాకాలం కొయ్య ముడుచుకొని మేకు వదులైతే మళ్ళీ పట్టదు. బోల్టునైతే పానాతో ఒక్క తిప్పు తిప్పితే చాలు.

ఇక బరువు. మనకు దగ్గరలోనే తాండూరు ఉన్నది, అక్కడి నాపరాయి మన ఇళ్ళన్నిటిలో ఉన్నది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన బండ ఏదైనా ఉంటే బల్ల కింది అరలో వేయండి. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళం మందం గల బండ సుమారు 35 కిలోలకు పైగా తూగుతుంది. ఆ బరువుతో బల్ల నేలకు అతుక్కొన్నట్టు నిలుస్తుంది. బండను పలకగా మాత్రం పైన వేయవద్దు. ఉలి, రందా పదును దానికి తగిలి పోతుంది.

పై పలక, ఎత్తు

పాత మట్టి ఇల్లు విప్పినప్పుడు దూలాలు, వాసాలు, తలుపు రెక్కలు వస్తాయి. ఏండ్ల తరబడి ఆరిన ఆ టేకు, వేప కొయ్య కొత్త కొయ్యకంటె నమ్మకమైనది. అప్పుడే కొట్టిన తుమ్మను పలకగా వేస్తే ఆరేటప్పుడు పగులుతుంది, మెలి తిరుగుతుంది. పాత కొయ్య కొనేముందు తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినా, సన్నని పొడి రాలినా పురుగు తొలిచిందని గుర్తు. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని కొయ్యమీద నడిపిస్తే పైపైన దాగిన మేకులు తెలిసిపోతాయి.

పలకలు బిగించేటప్పుడు రంధ్రాలను అడ్డంగా కొంచెం సాగదీయండి. వానాకాలం కొయ్య ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకొంటుంది. అది కదలడానికి చోటివ్వకపోతే పగులుతుంది. పైన ఒక హార్డుబోర్డు షీటును నాలుగు స్క్రూలతో బిగించుకొంటే రంగు, గ్రీజు, రంపపు గాట్లు దానిమీదనే పడతాయి. పాడైనప్పుడు అదొక్కటి మార్చితే సరిపోతుంది.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో, చిత్రిక పట్టే బల్ల అంత ఎత్తుండాలి. అయిదున్నర అడుగుల మనిషికి అది సుమారు 31 నుండి 33 అంగుళాలు. ఆకురాయితో ఇనుము రాసే పనికి వైసు దవడలు మోచేయి ఎత్తులో ఉండాలి. బల్ల తగ్గితే కాళ్ళ కింద మందపాటి దిమ్మెలు వేసి బోల్టు చేయండి. ఈ మార్పుకు దాదాపు ఖర్చు లేదు, కాని నడుము నొప్పిలో తేడా వారం రోజుల్లో తెలుస్తుంది.

పట్టి ఉంచే ఏర్పాటు

వైసు కొనేవరకు పని ఆపనక్కరలేదు. బల్ల చివర రెండు బెజ్జాలు చేసి గట్టి కొయ్య మేకులు దించితే చిత్రిక పట్టేటప్పుడు కొయ్య వాటికి ఆని నిలుస్తుంది. పక్కన ఏటవాలు చీల ఒకటి కొడితే కదలదు. జిగురు పెట్టిన అతుకు ఆరేవరకు పాత సైకిలు ట్యూబును పొడవాటి పట్టీలుగా కోసి సాగదీసి చుట్టండి. అది మంచి క్లాంపులాగే పట్టుకొంటుంది.

పాత వైసు కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. దవడలు దగ్గరకు వచ్చినప్పుడు సమానంగా ఆనుతున్నాయా? స్క్రూ తిప్పితే ఖాళీగా ఎంత తిరుగుతున్నది? పోత ఇనుములో పగులు గాని, వెల్డింగు గుర్తు గాని ఉన్నదా? ఒకసారి పగిలిన పోత ఇనుమును ఎంత అతికించినా నమ్మలేము. వైసును బల్ల నడుమ కాక కాలికి సరిగ్గా పైన, పలక గుండా పోయే బోల్టులతో బిగించండి. అప్పుడు సుత్తి దెబ్బ కాలి గుండా నేలలోకి దిగిపోతుంది.

వెలుతురు, కరెంటు, పిల్లలు

బల్లను కిటికీ దగ్గర వేయండి. కుడిచేతివాటం వారికి వెలుతురు ఎడమవైపు నుండి వస్తే చేతి నీడ పనిమీద పడదు. అతుకుల వైరుతో మిషను నడపవద్దు. ఎర్తు గల మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. ఇనుము రాసేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. గోడమీద ఒక్కొక్క పనిముట్టు ఆకారాన్ని రంగుతో గీసి అక్కడే తగిలిస్తే, సాయంత్రం ఏది లోపించిందో చిన్న పిల్లవాడైనా చెప్పగలడు.

పిల్లలను ఆ బల్ల దగ్గరినుండి తరిమివేయవద్దు, మీ కళ్ళ ఎదుట నేర్పండి. 2013 నుండి జహీరాబాదులో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం నడుస్తున్నది. అటువంటి చోట ఉద్యోగానికి ఆశపడి మన యౌవనులు ఐ.టి.ఐ.లో ఫిట్టరు కోర్సుకు చేరతారు. ఆ కోర్సులో మొదటి పాఠాలు వైసు, ఆకురాయి, రంపం మీదనే. ఇంట్లో ఆ పని నేర్చిన కుమారుడైనా కుమార్తె అయినా అక్కడ తడబడరు.

అప్పు గురించి ఒక మాట

కొందరు బల్ల బాగుచేయకముందే విద్యుత్ మిషన్ల కోసం వడ్డీకి తెస్తారు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ వినడానికి చిన్నదే. పదివేలు తెస్తే ఏడాదికి 3,600 రూపాయలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఆ సొమ్ముతో ఒక బల్లను పూర్తిగా బాగుచేసుకోవచ్చును గదా!

నిజంగా వృత్తి చేసుకొనే వారికి మరొక దారి ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబర్ 17న పి.ఎం. విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. వడ్రంగం, కమ్మరం మొదలైన 18 చేతివృత్తులవారికి ఇది వర్తిస్తుంది. పనిముట్ల కొరకు 15,000 రూపాయల వరకు ఓచరు, హామీ లేకుండా మొదటి విడత లక్ష రూపాయల వరకు ఋణం, దానికి ఏడాదికి 5 శాతం వడ్డీ – ఇవి అందులోని మేలులు. పద్దెనిమిది ఏళ్ళు నిండినవారు, కుటుంబానికి ఒకరు చొప్పున, ఆధార్‌తో కామన్ సర్వీస్ సెంటరులో నమోదు చేసుకోవచ్చును. తక్కువ వడ్డీయైనా ఋణం ఋణమే, అవసరానికి మించి తీసుకోవద్దు.

సంఘము చేయగల సహాయం

కరువు రోజులలో ఆకలిగొన్న వేలమందికి పని చూపి అన్నం పెట్టాలని చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు మెదకులో మహా దేవాలయ నిర్మాణం చేపట్టారు. 1924 డిసెంబర్ 25న దానిని ప్రతిష్ఠించారు. ఆ రాళ్ళలో బీదల చెమట ఉన్నది, వారి గౌరవమూ ఉన్నది. చేతికి పని ఇవ్వడం భిక్షకంటె గొప్ప సహాయమని ఆ గోపురం నేటికీ సాక్ష్యమిస్తున్నది.

మన సంఘాలు కూడా తమ శక్తి కొలది ఇట్టి పని చేయవచ్చును. మందిరంలో విరిగి మూలన పడిన బెంచీలుంటే, కమిటీ అనుమతితో, వాటి కొయ్యను పనిచేసుకొనే బీద కుటుంబానికి ఇవ్వవచ్చును. యౌవనస్థులు ఒక శనివారం కలిసి విధవరాలి ఇంట ఊగుతున్న బల్లను, కుట్టుమిషను స్టాండును బిగించి రావచ్చును. ఇంటింటికీ ఒక డ్రిల్లు మిషను కొనేకంటె పదిళ్ళకు కలిపి ఒకటి కొని వంతుల చొప్పున వాడుకోవచ్చును.

ప్రియులారా, ఈ శనివారం మీ బల్లను ఒకసారి తోసి చూడండి. ఊగితే ఒక ఏటవాలు పట్టె, నాలుగు బోల్టులు తెచ్చుకొని మొదలుపెట్టండి. నజరేతులో చేతులారా కష్టపడిన ప్రభువు మీ ఇంటి కష్టాన్ని ఎరిగినవాడు. ఆయన మీ కుటుంబానికి పనిని, ఆ పనిలో సంతోషాన్ని అనుగ్రహించును గాక. ఆమేన్.