మీకు తెలుసా? సముద్రపు విషం గుట్టు మంచినీటిలో

సముద్రంలో ఆల్చిప్పలను విషమయం చేసే శాక్సిటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసే జన్యువులు మొదట దొరికింది మంచినీటి నాచులో!

• 2008లో శాస్త్రవేత్తలు ఆ జన్యువుల వరుసను బ్రెజిల్ జలాశయానికి చెందిన నీలి ఆకుపచ్చ నాచులో గుర్తించారు.

• విషం తయారీని మొదలుపెట్టే ‘ఎస్ఎక్స్‌టీ-ఏ’ జన్యువు అలెగ్జాండ్రియమ్ అనే సముద్రపు సూక్ష్మజీవిలోనూ ఉందని 2011లో తేలింది.

• ఒకే జాతి నాచులో ఈ జన్యువులున్న రకాలు విషాన్ని చేస్తాయి, లేనివి చేయవు. కంటికి మాత్రం రెండూ ఒకేలా పచ్చగా కనిపిస్తాయి.

అందుకే ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో వేసవి కుంటపై రంగు ఒలకబోసినట్టు పచ్చని తెట్టు కడితే ఆ నీళ్లు తాగకండి, పశువులకూ పెట్టకండి. మరిగించినా ఈ విషం పోదు.