పంతులుగారి అప్పగింతలు

మన ఇళ్ళల్లో పెళ్ళి ఎంత ఘనంగా జరిగినా, అందరి కళ్ళూ చెమర్చేది అప్పగింతల వేళకే. అమ్మాయి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతూ, "ఇక మీ బిడ్డే, కడుపులో పెట్టుకు చూసుకోండి" అంటారు. అప్పటిదాకా హడావుడిగా తిరిగిన మేనమామ కూడా కండువాతో కళ్ళు ఒత్తుకుంటాడు.

బడిలో హెడ్మాస్టరుగారు సెలవు తీసుకునే రోజూ ఇలాంటిదే. ఒక్కటే తేడా. పెళ్ళిలో వెళ్ళిపోయే మనిషిని అప్పగిస్తారు. బడిలో, వెళ్ళిపోయే మనిషే ఉండిపోయేవాళ్ళను అప్పగించాలి. మన వీడ్కోలు సభల్లో ఈ సంగతే ఎవరికీ గుర్తుండదు.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. అందుచేత మా చుట్టుపక్కల ఏ హైస్కూల్లో ఎవరు రిటైరవుతున్నా, సన్మానపత్రం రాసిపెట్టమని నా దగ్గరికే వస్తారు. "విద్యావారిధీ! శిష్యవత్సలా! సౌజన్యమూర్తీ!" అని మూడు సంబోధనలు, మధ్యలో ఒక సీసపద్యం, చుట్టూ పూలతీగల అంచు, పైన అద్దం. పేరొక్కటి మారిస్తే ఆ పత్రం శ్రీకాకుళంనుంచి చిత్తూరుదాకా ఎవరికైనా సరిపోతుంది. అందుకని వచ్చినవాళ్ళను ముందు కూర్చోబెట్టి, "ఆయన చేసిన పని ఒక్కటి చెప్పండి" అంటాను. కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆనక ఎవరో నెమ్మదిగా, "వాగు పొంగినప్పుడు అవతలి ఒడ్డు పిల్లల్ని దగ్గరుండి దాటించేవారండీ" అంటారు. సీసపద్యం మాట ఎలా ఉన్నా, అసలైన సన్మానపత్రం అదే కదా!

సభ ఎలా జరుగుతుందో మీకు తెలియనిది కాదు. దండలు, శాలువాలు, గ్రూపు ఫోటో. వక్తలందరూ వెళ్ళిపోయే ఆయన గొప్పతనమే చెబుతారు. అందులో తప్పేమీ లేదు. ప్రేమ పొంగినప్పుడు దానికి కొలతలుండవు. 1921లో సర్వేపల్లి రాధాకృష్ణగారు మైసూరు మహారాజా కాలేజీ వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్ళేటప్పుడు విద్యార్థులు ఏంచేశారో మనం చిన్నప్పుడు చదువుకున్నాం. బండిని పూలతో అలంకరించి, గుర్రాలకు బదులు తామే లాక్కుంటూ రైలు స్టేషనుదాకా తీసుకెళ్ళారు. ఆ తరవాత ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1962 నుంచి ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకుంటున్నాం. అయినా మైసూరు బండి ముచ్చట ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది.

కాని బండి స్టేషనుదాకానే వెళుతుంది. రైలు కదిలిపోయాక వెనక్కి తిరిగి వచ్చే పిల్లల సంగతేమిటి?

రఘుపతి వెంకటరత్నం నాయుడుగారిని తలుచుకుంటే దీనికి జవాబు దొరుకుతుంది. 1904 నుంచి 1919 దాకా ఆయన కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాలు. ఆడపిల్లలు గడప దాటటమే వింతగా చూసే కాలంలో, మగపిల్లలతోపాటు వాళ్ళనూ కాలేజీలో చేర్చుకున్నారు. అంటరానివాళ్ళని ఊరు దూరంగా పెట్టిన ఇళ్ళ పిల్లలను దగ్గరికి తీశారు. ఆయన కాకినాడ విడిచారు, 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరయ్యారు, 1939లో కన్నుమూశారు. ఆయన తెరిచిన తలుపు మాత్రం ఎవరూ మూయలేదు. పోయేవాడు వెంట తీసుకుపోలేని పనే బడికి మిగిలే ఆస్తి.

అప్పగించటానికి వ్యవధి కూడా కావాలి. 1983 ఫిబ్రవరి 8న ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించింది. 55 దాటినవాళ్ళందరూ ఆ నెల 28న ఇంటికి వెళ్ళవలసివచ్చింది. నిండా మూడు వారాలు లేవు! ఆ వయస్సు తరవాత మళ్ళీ పెరిగింది. తెలంగాణలో 2021లో 61 చేశారు, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62 చేశారు. వయస్సు ఎంతైనా, సర్కారు కొలువులో పుట్టిన నెల ఆఖరు రోజుతో ఉద్యోగం తీరిపోతుంది. పిల్లల చదువుకు ఆ తేదీతో పనిలేదు. పాఠం సగంలో ఉంటుంది, పరీక్ష ఎదురుగా ఉంటుంది.

నేనెరిగిన ఒక పల్లెటూరి హెడ్మాస్టరుగారు అలాగే ఒక జనవరి నెలాఖరున విరమించారు. సభలో ఆయన అయిదు నిమిషాలకు మించి మాట్లాడలేదు. "రేపు కూడా బెల్లు అదే వేళకు కొడతారు. ఆలస్యంగా రాకండి" అని పిల్లలకు చెప్పి కూర్చున్నారు. పిల్లలు నవ్వారు. ముందు వరసలోని ముసలివాళ్ళు నవ్వలేదు.

తరవాత ఆఫీసు గదిలో ఛార్జి అప్పగించటం మొదలయింది. బిరువాలు, బెంచీలు, కాలు విరిగిన గ్లోబు అన్నీ జాబితాలో ఉన్నాయి. సంతకాలయ్యాక ఆయన సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీశారు. సర్కారు జాబితాలో లేనివన్నీ అందులో ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడికి నల్లబల్లమీది అక్షరాలు ఆనవు. కళ్ళజోడు కొనమని వాళ్ళ నాన్నకు గుర్తుచెయ్యాలి. ఇంకొకడు సోమవారాలు రాడు. ఆ రోజు సంతకు తల్లికి తోడు వెళతాడు, వాణ్ణి కొట్టవద్దు.

చివరి పేజీలో పదో తరగతి అమ్మాయి. దీపావళికే సంబంధం కుదిర్చారు. ఆడపిల్లకు 18 నిండందే పెళ్ళి చెయ్యరాదని 2006 నాటి చట్టం ఉంది. కాని ఆ ఇంట్లో పెళ్ళిని ఆపింది చట్టం కాదు, పంతులుగారి మాట. ఆయన వెళ్ళిపోతే ఆ మాట ఎవరిది?

అందుకే ఆ తండ్రిని కూడా రమ్మని కబురుచేశారు. సైన్సు చెప్పే టీచరమ్మగారిని పిలిచి, "చూడు నాయనా, నాకు ఇచ్చిన మాట ఇకనుంచి ఈవిడకు ఇచ్చినట్టు. నేను ఊళ్ళో లేననుకోకు, ఈవిడ ఉన్నారు" అన్నారు. ఆ తండ్రి తలవంచుకుని చాలాసేపు ఊరుకున్నాడు. చివరికి, "సరేనమ్మా, మీరెలా చెబితే అలాగే" అని టీచరమ్మగారితో అన్నాడు. పంతులుగారితో కాదు. అప్పుడుగాని ఆయన కుర్చీలోంచి లేవలేదు.

ఆ అమ్మాయి మార్చిలో పరీక్ష రాసింది.

మీ పిల్లల బళ్ళో ఇలాంటి సభ జరిగితే తప్పక వెళ్ళండి. దండ వెయ్యండి, ఫోటోలో నిలబడండి. ఆపైన ఆయన దగ్గరికి వెళ్ళి, "మాస్టారూ, మాకేం అప్పగించి వెళుతున్నారు?" అని అడగండి. చెప్పటానికి ఆయన దగ్గర చాలా ఉంటుంది. అడిగేవాళ్ళే కావాలి.