రంగం... మరువని జ్ఞాపకం!

అమెరికా కలలు మొదలవకముందు, దుబాయ్ పేరు వినబడకముందు తెలుగువాళ్లకి ‘ఫారిన్’ అంటే ఒక్కటే... రంగూన్! పొట్ట చేత పట్టుకుని ఓడెక్కిన లక్షలమందికి అన్నం పెట్టిందా ఊరు. తర్వాత అదే ఊరు కట్టుబట్టలతో వెళ్లగొట్టింది. అయినా అక్కడ పుట్టి పెరిగినవాళ్లని కదిపితే కోపం కన్నా ముందు ముచ్చట్లే వస్తాయి. ఎందుకని?

ఉత్తరాంధ్రలోనో గోదావరి జిల్లాల్లోనో పాతకాలపు ఇల్లున్నవాళ్లకి బర్మా టేకు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వందేళ్లయినా చెదపట్టని ద్వారబంధాలూ నలుగురు పట్టినా లేవని మంచాలూ చూపిస్తూ ‘మా ముత్తాత రంగం వెళ్లొచ్చి చేయించాడు’ అని గర్వంగా చెబుతారు. రంగం అంటే నాటకాలాడే రంగస్థలం కాదు. రంగూన్‌కి మనవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు. బర్మా రాజధానిగా వెలిగి, 1989లో యాంగోన్‌గా పేరు మారిన మహానగరం.

ఎంత దూరం వెళ్లినా మనవాళ్లు ఆ ఊరిని పరాయిదనుకోలేదు. అందుకు కారణమూ ఉంది. 1885 యుద్ధం తర్వాత బర్మా మొత్తం బ్రిటిష్ ఇండియాలో ఒక భాగమైంది. 1937 ఏప్రిల్ 1న విడిపోయేదాకా అది మన దేశంలోని ఒక రాష్ట్రం కిందే లెక్క. అంటే పాస్‌పోర్టూ వీసా అక్కర్లేని విదేశమన్నమాట! ఓడ టిక్కెట్టుంటే చాలు. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో ఎక్కి, సముద్రం దాటితే రంగూనే.

వాళ్లు ‘కోరంగీలు’
బర్మాలో తెలుగువాళ్లకో పేరుండేది- కోరంగీలు. కాకినాడ పక్కనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839లో వచ్చిన ఉప్పెన ఆ ఊరిని ఊడ్చిపెట్టేసింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రం దాటి బతికింది. ఏ ఊరి నుంచి వచ్చినా సరే, తెలుగువాడైతే అక్కడ కోరంగీయే.

బ్రిటిష్‌వాళ్ల హయాంలో ఐరావతి డెల్టా ప్రపంచానికి బియ్యం పంపే ధాన్యాగారమైంది. కోతలు కోయడానికీ మిల్లులు ఆడించడానికీ ఓడల్లోకి బస్తాలు ఎత్తడానికీ మనుషులు కావాలి. ఇటుచూస్తే కరవులూ అప్పులూ. పంటల కాలానికి వెళ్లి నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగొచ్చేవాళ్లు కొందరు. ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లు కొందరు. రేవులో కూలీలుగా, బియ్యం మిల్లుల్లో పనివాళ్లుగా, రిక్షా లాగేవాళ్లుగా మొదలైన జీవితాల నుంచే గుమాస్తాలూ దుకాణదారులూ కాంట్రాక్టర్లూ తయారయ్యారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో దాదాపు నాలుగు లక్షలమంది ఉంటే అందులో సగానికి పైగా- రెండు లక్షలు దాటి- భారతీయులే!

అలాగని అక్కడంతా పూలపాన్పేమీ కాదు. పని ఇప్పించే మేస్త్రీ ముందే అప్పిచ్చేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలీలో కోత తప్పేది కాదు. ఒక్కో గదిలో కాళ్లు చాపుకోవడానికి చోటులేనంతమంది సర్దుకునేవారు. 1930 మేలో జీతం పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో బర్మావాళ్లని పెట్టుకున్న యజమానులు, రాజీ కుదరగానే పాతవాళ్లని వెనక్కి పిలిచారు. పని పోయినవాళ్ల కడుపుమంట కాస్తా అల్లర్లుగా మారింది. వందమందికి పైగా చనిపోయారు. ఇద్దరూ పేదవాళ్లే. లాభపడింది మాత్రం మూడోవాడు.

రంగూన్ మోజు ఇక్కడ ఇళ్లలోనూ కనిపించేది. వెళ్లిన మొగుడు ఎప్పుడొస్తాడో తెలీని ఆడవాళ్లూ, వస్తే ఏం తెస్తాడోనని ఎదురుచూసే పిల్లలూ ఊరూరా ఉండేవారు. సోమరాజు రామానుజరావు రాసిన ‘రంగూన్ రౌడీ’ నాటకం పేరు పల్లెపల్లెకీ పాకింది. 1979లో అదే పేరుతో కృష్ణంరాజు హీరోగా దాసరి సినిమా కూడా తీశారు.

మల్కాజ్‌గిరిలో ఓ బర్మా అమ్మమ్మ
సికింద్రాబాద్ పక్కనే ఉన్న మల్కాజ్‌గిరి... రైల్వే ఉద్యోగులూ మిలటరీలో చేసి రిటైరైనవాళ్లూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇళ్లు కట్టుకున్న ఊరు. ఎవరిని కదిపినా వెనక ఇంకో ఊరుంటుంది. ఆనంద్‌బాగ్ వైపు ఓ ఇంట్లో ఉండే అమ్మమ్మకి మాత్రం వెనకున్నది రంగూన్. ‘పేపర్లో నా పేరెందుకులే అమ్మా, ఊరి పేరు రాయి చాలు’ అన్నారావిడ. పుట్టింది 1947లో. తండ్రిది భీమిలి దగ్గర పల్లె. పజుందాంగ్ వాగు ఒడ్డున ఉన్న బియ్యం మిల్లులో గుమాస్తా.

ఆవిడ చెప్పే రంగూన్ ముందు వాసనలతో మొదలవుతుంది. మిల్లు దగ్గర తడి ఊక వాసన. తెల్లారుతూనే వీధి చివర మరిగే మొహింగా వాసన. చేపల పులుసులో అరటి దవ్వ, నిమ్మగడ్డి వేసి మరగబెట్టి సన్నటి బియ్యం సేమ్యా మీద పోసి ఇస్తారు. అదే వాళ్లకి ఉదయం టిఫిను. మనకి ఇడ్లీలా!

తర్వాత వాన. ‘మీ హైదరాబాద్ వానా ఓ వానేనా’ అని నవ్వుతారు. ఆ మాటలో అతిశయోక్తి లేదు. మన దగ్గర ఏడాది మొత్తం మీద కురిసే వానకి మూడింతలు పైనే అక్కడ కురుస్తుంది. మే నెలలో మొదలైతే అక్టోబరు దాకా తెరిపి ఉండదు. రంగురంగుల గొడుగులేసుకుని బడికి వెళ్లడం, తడిసిన లుంగీ- దాన్ని అక్కడ లోంజీ అంటారు, ఆడామగా అందరూ కడతారు- పిండుకుంటూ క్లాసులో కూర్చోవడం ఆవిడకింకా నిన్నటి సంగతే.

పక్కింటి బర్మా ఆవిడ చెక్కని సానమీద అరగదీసి చెంపలకి రాసేదట. దాని పేరు తనఖా. మనం గంధం తీసినట్టే. ఎండకి చల్లగా ఉంటుంది, ముఖానికి అందమూ వస్తుంది. రోజూ సాయంత్రం పసుపు రాసుకునే తెలుగమ్మకీ తనఖా రాసుకునే బర్మా అమ్మకీ మధ్య స్నేహం కుదరడానికి భాషతో పనేముంది?

నీళ్ల పండగ... నూనె దీపాలు
ఏప్రిల్ మధ్యలో వచ్చే ‘తింజాన్’ పండగంటే పిల్లలకి ప్రాణం. బర్మా కొత్త సంవత్సరానికి ముందు జరిగే నీళ్ల పండగది. రోడ్డు మీద ఎవరు కనపడినా నీళ్లు చల్లొచ్చు. తిట్టరు సరికదా, పాత ఏడాది పాపాలు కడుక్కుపోయాయని సంతోషిస్తారు. మనవాళ్ల ఉగాది అయిన కొద్దిరోజులకే అది వచ్చేది. అలా ఇంట్లో ఓ కొత్త సంవత్సరం, వీధిలో ఇంకో కొత్త సంవత్సరం!

పౌర్ణమి రోజుల్లో ష్వెడగాన్ పగోడాకి వెళ్లేవారు. దాదాపు వంద మీటర్ల ఎత్తున బంగారు రేకులతో మెరిసిపోయే ఆ స్తూపం ఊళ్లో చాలా చోట్ల నుంచి కనపడుతుంది. చుట్టూ నూనె దీపాలు. బుద్ధుడికి దణ్ణం పెట్టుకుని, అటు నుంచి అటే మన గుడికీ వెళ్లొచ్చేవాళ్లమనీ, ఆ రెంటికీ తేడా ఉందన్న సంగతే చిన్నప్పుడు తోచలేదనీ అంటారు అమ్మమ్మ.

పేర్ల సంగతి ఇంకో తమాషా. బర్మావాళ్లకి ఇంటిపేర్లుండవు. పెద్దవాళ్లయితే మగవారికి ముందు ‘ఊ’, ఆడవారికి ‘డా’ అని గౌరవంగా కలుపుతారు, అంతే. అలాంటి ఊళ్లో పొడవాటి ఇంటిపేరు, దానికి తోడు తాతపేరు చెప్పే తెలుగు పిల్లలని చూసి టీచర్లు తెల్లబోయేవారట.

రుచులు కలిసిపోయాయి
మనుషుల మధ్య గొడవలొచ్చినా వంటిళ్ల మధ్య మాత్రం రాలేదు. మన దోసె అక్కడ ‘తొషే’ అయింది. పరోటా ‘పలాటా’ అయింది. సమోసాని ముక్కలు చేసి క్యాబేజీ, ఉల్లిపాయలు, నిమ్మరసం కలిపితే ‘సమూసా తోఖ్’- యాంగోన్ వీధుల్లో ఇప్పటికీ దొరికే చిరుతిండి. అటు నుంచి ఇటూ కొన్ని వచ్చాయి. ఎండురొయ్యల్ని వెల్లుల్లి, ఉల్లి, మిరపతో కరకరలాడేలా వేయించే ‘బలచాంగ్’ని మన ఉత్తరాంధ్ర అమ్మమ్మల రొయ్యపొట్టు వేపుడు పక్కన పెడితే అక్కాచెల్లెళ్లనుకుంటారు. ఊరబెట్టిన తేయాకుని వేరుశనగపప్పు, నువ్వులు, వేయించిన వెల్లుల్లితో కలిపి తినే ‘లఫెట్’ మాత్రం మనకి కొత్తే. టీని తాగడమే కాదు, తినడం కూడా తెలిసినవాళ్లు వాళ్లు!

అమ్మమ్మ ఇంట్లో ఆదివారం స్పెషల్ ‘ఓన్ నో ఖౌస్వే’. కోడికూరలో కొబ్బరిపాలు పోసి, చిక్కదనానికి కాస్త శనగపిండి కలిపి, ఉడికించిన నూడుల్స్ మీద వేస్తారు. పైన ఉడికిన గుడ్డు, వేయించిన ఉల్లిపాయ, ఎండుమిరప కారం, నిమ్మచెక్క. మనవలు దాన్ని ‘బర్మా నూడుల్స్’ అంటారు. చైనా నూడుల్స్ మన వీధుల్లోకి రాకముందే ఈ ఇంట్లో ఉన్న వంటకమది.

నడిచొచ్చినవాళ్లు... ఓడలో వచ్చినవాళ్లు
ఇంత మురిపెంగా చెబుతున్న ఊరిని వదిలి రావాల్సి వచ్చింది. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. మరుసటి ఏడాది మార్చి 8కల్లా నగరం వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయింది. ఓడలు దొరికినవాళ్లు ఓడల్లో వచ్చారు. దొరకనివాళ్లు నడిచారు. ఆరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్‌కి కొందరు, తము మీదుగా మణిపూర్‌కి కొందరు, హుకాంగ్ లోయ దాటి అస్సాంకి కొందరు. అడవి, వాన, కలరా, మలేరియా, ఆకలి. బయల్దేరిన భారతీయులు నాలుగైదు లక్షలని అంచనా. వాళ్లలో వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. అమ్మమ్మ తండ్రి అలా నడిచొచ్చి ప్రాణాలతో బయటపడినవాళ్లలో ఒకరు. అయినా యుద్ధం ముగియగానే పెళ్లాన్ని వెంటబెట్టుకుని మళ్లీ రంగూన్ ఓడెక్కారు! బతుకుతెరువు అక్కడే ఉందాయె.

1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమైంది. 1962 మార్చిలో జనరల్ నె విన్ సైనిక కుట్రతో అధికారం చేజిక్కించుకున్నాక రోజులు మారిపోయాయి. 1964లో దుకాణాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. అదే ఏడాది మేలో 50, 100 క్యాట్ల నోట్లు రద్దయ్యాయి. డబ్బాలో దాచుకున్న సొమ్ము ఒక్క రాత్రిలో చిత్తుకాగితమైతే ఎలా ఉంటుందో వాళ్లకి బాగా తెలుసు. లక్షలాది భారతీయులు తిరుగు ప్రయాణమయ్యారు. వెంట తీసుకెళ్లే నగల మీదా నగదు మీదా ఆంక్షలు. రేవులో సోదాలు. తల్లి మెడలోని గొలుసు తీసి బల్లమీద పెట్టిన చప్పుడు పద్దెనిమిదేళ్ల అమ్మాయిగా తను విన్నదనీ, ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉందనీ చెబుతున్నప్పుడు మాత్రమే ఆవిడ గొంతు మారింది.

1965లో ఓడ దిగింది విశాఖపట్నంలో. సొంతదేశమే కానీ అంతకుముందు చూసింది లేదు. శరణార్థుల కోసం వేసిన శిబిరాల గుర్తుగా విశాఖ కంచరపాలెంలో ‘బర్మా క్యాంపు’ పేరు నేటికీ నిలిచింది. చెన్నై హార్బరు దగ్గర బతుకుతెరువు వెతుక్కున్నవాళ్ల దుకాణాలు ‘బర్మా బజార్’ అయ్యాయి. ఇలా తిరిగొచ్చినవాళ్లకి అప్పులిచ్చి ఆదుకోవడానికి 1969లో పుట్టిందే రెప్కో బ్యాంకు. అమ్మమ్మకి పెళ్లయింది ఇంకో బర్మా కుటుంబంలోనే. భర్తకి రైల్వేలో ఉద్యోగం రావడంతో సికింద్రాబాద్, అటు నుంచి మల్కాజ్‌గిరి.

ఉండిపోయినవాళ్లూ ఉన్నారు
అందరూ రాలేదు. ముఖ్యంగా మాల్మేన్ చుట్టుపక్కల మోన్ ప్రాంతంలో వ్యవసాయం చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. వాళ్ల పిల్లలు బర్మా పేర్లు పెట్టుకున్నారు, బర్మా భాషలో చదువుకున్నారు. 1982 పౌరసత్వ చట్టం అక్కడి జనాన్ని మూడు తరగతులుగా విడగొట్టడంతో తరాలుగా ఉంటున్న భారతీయులెందరో పూర్తి పౌరులు కాలేకపోయారు. ఇక్కడికొస్తే బర్మావాళ్లు, అక్కడుంటే ఇండియావాళ్లు!

ఆ మోన్ జాతివారిని పూర్వం ‘తలైంగ్’లనేవారు. ఆ మాట మన ‘తెలింగాణ’ నుంచే వచ్చిందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అందరూ ఒప్పుకోరు కానీ, అదే నిజమైతే మన రంగం ప్రయాణం బ్రిటిష్‌వాళ్ల కన్నా ఎన్నో వందల ఏళ్లు పాతదన్నమాట.

మరి వెళ్లగొట్టిన ఊరి మీద ఇంత ప్రేమేమిటి? అడిగితే అమ్మమ్మ దగ్గర పెద్ద సిద్ధాంతమేమీ లేదు. వెళ్లగొట్టింది సర్కారు, తనఖా రాసింది పక్కింటామె. రెంటినీ కలిపి చూడరావిడ. 2021 ఫిబ్రవరిలో అక్కడ మళ్లీ సైన్యం అధికారం లాక్కుందని టీవీలో చూసినప్పుడు ఆవిడ మొదట అడిగింది రాజకీయాల గురించి కాదట. పజుందాంగ్‌లో జనం ఎలా ఉన్నారోనని.

1964 తర్వాత వచ్చినవాళ్లలో పెద్దవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. అప్పట్లో పిల్లలుగా ఓడ దిగినవాళ్లకే ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్లు. రంగూన్‌ని కళ్లతో చూసి తెలుగులో చెప్పగలిగిన ఆఖరి తరం వాళ్లదే. మీ ఇంట్లోనో మీ చుట్టాల్లోనో ‘రంగం’ మాట వినబడితే, ఈ ఆదివారం కాసేపు టీవీ కట్టేసి పక్కన కూర్చోండి. ఏ వీధిలో ఉండేవారో, ఏ ఓడలో వచ్చారో అడిగి రాసిపెట్టుకోండి. ఆస్తిపాస్తులు ఎలాగూ ఆ రేవులోనే ఉండిపోయాయి. సోదాల్లో ఎవరికీ దొరక్కుండా దాటి వచ్చినవి ఈ కబుర్లే మరి!