నరికే ముందు పేరు అడగండి

ఏలూరులో మేం కొన్న పాత పెంకుటిల్లు అయిదారేళ్లుగా తాళం వేసి ఉంది. పెరట్లో బావిగట్టు పక్కన, ప్రహరీకి ఆనుకుని ఒక పొద రెండు నిలువుల ఎత్తు పెరిగి, గోడ దాటి సందులోకి వాలిపోయింది. పెరడు బాగుచెయ్యడానికి వచ్చిన పనాయన ఒక కొమ్మ వంచి చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మగారూ, ఇది గంజాయిలా ఉందండి. ఎవరి కంటా పడకముందే కొట్టేద్దాం."

నాకూ గుండె ఝల్లుమంది. అయిదు వేళ్లు చాపినట్టున్న సన్నటి ఆకులు, నలిపితే ఘాటు వాసన. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి మొక్కను అనుమతి లేకుండా పెంచడమే నేరం. అయినా కత్తి దించమన్నాను. అదేమిటో తెలియకుండా కొట్టేస్తే, పోగొట్టుకున్నదేమిటో కూడా తెలియదు కదా.

ముందు ఆ భయం తీర్చుకున్నాం. గంజాయి ఏడాది మొక్క. పెరిగి, పూసి, ఎండిపోతుంది. మా పొద మొదలు నా ముంజేతి కంటే లావు, పైన బూడిదరంగు బెరడు. గంజాయి ఆకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది. ఈ ఆకు అంచు మీద వేలు పెట్టి జరిపితే ఎక్కడా తగల్లేదు. అది విన్నాక గానీ పనాయన ముఖం తేటపడలేదు.

గంజాయి కాకపోతే మరేమిటి? ఫొటో తీసి గూగుల్ లెన్స్‌కి చూపిస్తే మూడు పేర్లు చెప్పింది. ఒక్క ఆకు చూసి పేరు తేల్చడం యాప్‌కే కాదు, వృక్షశాస్త్రం చదివినవాళ్లకూ కష్టమే. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి వచ్చాయా, తుంచితే పాలు కారుతున్నాయా, లేతకొమ్మ గుండ్రమా పలకలా, పువ్వు ఎలా ఉంది, కాయ ఎంత ఉంది, ఇవన్నీ చూడాలి. పాలు కారితే మాత్రం వెంటనే చేతులు కడుక్కోండి. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

మా పొదకు పాలు లేవు. ఆకులు ఎదురెదురు జంటలు. ఆకు పైన ముదురాకుపచ్చ, తిప్పితే విబూది పూసినట్టు తెలుపు. లేతకొమ్మను రెండు వేళ్ల మధ్య దొర్లిస్తే నాలుగు పలకలు తగిలాయి. ఆషాఢంలో రెండు వానలు పడ్డాక కొమ్మల చివర్ల లేత ఊదారంగు పూలగుత్తులు వచ్చాయి. ఒక్కో పువ్వు చిటికెన వేలి గోరంత కూడా లేదు. పొద్దెక్కేసరికి తేనెటీగల రొద బావి దగ్గరికి వినిపించేది.

ఒక పూట పక్కింటి మామ్మగారు గోడ మీంచి చెయ్యి చాపి, ఒక ఆకు నలిపి వాసన చూశారు.

"వావిలి కదే అమ్మాయ్! మా పెద్దదాని పురిటికి ఈ చెట్టు ఆకే కోసుకెళ్లి నీళ్లు కాచాను."

ఆ మాటతో మూడు పేర్లలో ఒకటి నిలిచింది. శాస్త్రజ్ఞులు వైటెక్స్ నెగుండో అంటారు. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరది. ఇప్పటి లెక్కలో ఇది తులసి కుటుంబమే, నాలుగు పలకల లేతకొమ్మ ఆ కుటుంబంలో చాలా మొక్కలకు ఉన్న గుర్తు. సంస్కృతంలో సింధువారం, నిర్గుండి. వినాయక చవితి నాడు 21 పత్రుల్లో సింధువార పత్రం అని చదువుతూ మనం వేసేది ఈ ఆకే. బజారులో కొన్న పత్రి కట్టలో ఇది ఉందో లేదో ఇన్నేళ్లూ నాకు తెలియదు. వావిలికొలను అన్న ఇంటిపేరులోనూ ఉన్నది ఇదే.

బాలింతలకు వావిలాకు నీళ్ల స్నానం, ఒళ్లు నొప్పులకు కాపడం, జలుబుకు ఆవిరి మనకు తరాలుగా ఉన్న వాడుక. పురుగు పట్టకుండా ధాన్యంలో ఎండుటాకు వేసేవారు. పశువులు అంతగా నోరు పెట్టవు గనక రైతులు చేల గట్ల మీద కంచెగా పెంచారు, రొట్ట కొట్టి వరిమడిలో తొక్కారు. కడుపులోకి మందుగా మాత్రం వైద్యుల్ని అడక్కుండా తీసుకోకూడదు.

ఇక ఉంచాలా, తీసెయ్యాలా? పచ్చగన్నేరు అయితే ఆ రోజే తీయించేదాన్ని. దాని గింజ గుండెను ఆపగల విషం, మా ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. పులికంప, అదే లాంటానా అయినా తీసేసేదాన్నే. అందానికని బ్రిటిషువాళ్లు తెచ్చిన ఆ మొక్క అడవుల్ని ఆక్రమించింది, మేసిన పశువుల్ని చంపుతుంది. వావిలి ఈ నేలదే. దాని తప్పల్లా గోడ మీద పడడం, ఇన్నేళ్లు ఎవరూ కత్తిరించకపోవడం.

నా నిర్ణయం: ఉంచాలి, అదుపులో ఉంచాలి. పూత అయ్యాక గోడవైపు కొమ్మలు మొదలంటా కోయించాను. మిగతావి మనిషి ఎత్తుకు దించాను. గాలీ వెలుతురూ ఆడేలా లోపలి ఎండుపుల్లలు తీసేశాం. మోడు నుంచి మళ్లీ చిగురించే జాతి, కోతకు చావదు. కోసిన కొమ్మల్లో ఆరింటిని జానెడు లోతున నాటితే నాలుగు చిగురుపెట్టాయి. ఒకటి మామ్మగారి పెరట్లోకి వెళ్లింది.

మీ పెరట్లోనూ పేరు తెలియని పొద ఉంటే ఒక్క పూత దాకా ఆగండి. పువ్వూ కాయా ఉన్న రెమ్మ పట్టుకుని వీధిలో పెద్దవాళ్లను, దగ్గరి డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మాస్టారిని అడగండి. ఆ తర్వాతే పనివాళ్లను పిలవండి.