వార్తల్లో పదం: డ్యూయల్ బూట్
ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లను వేర్వేరు పార్టిషన్లలో ఉంచి, ఆన్ చేసినప్పుడు కావలసినదాన్ని ఎంచుకోవడమే డ్యూయల్ బూట్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. కొత్త సిస్టమ్‌కు మారుతూనే పాత సాఫ్ట్‌వేర్‌ను వదల్లేనివారికి డ్యూయల్ బూట్ ఒక దారి.

ఇందులో వరుస ముఖ్యం: ముందు పాతది, తర్వాత కొత్తది. ఉదాహరణకు, 2001 నాటి విండోస్ ఎక్స్‌పీకి 2007లో వచ్చిన విండోస్ విస్టా బూట్ పద్ధతి తెలియదు. విస్టా ఉన్న డిస్కులో ఎక్స్‌పీని తర్వాత ఎక్కిస్తే, తన బూట్ కోడ్‌నే రాసేస్తుంది. విస్టా ఫైళ్లు చెక్కుచెదరకున్నా అది తెరుచుకోదు. అప్పుడు విస్టా ఇన్‌స్టలేషన్ డిస్కుతో బూట్ భాగాన్ని సరిచేసి, మెనూలో ఎక్స్‌పీని చేర్చాలి.

పని మొదలుపెట్టే ముందు ఫొటోలు, పత్రాలు వేరే డ్రైవ్‌లో భద్రపరచండి. మద్దతు ఆగిన సిస్టమ్‌కు సాధారణంగా భద్రతా అప్‌డేట్లు రావు. దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచండి.