ఇంటిలోని చిన్న ప్రసార కేంద్రము

వేటపాలెములో ఒక చేనేత కుటుంబమును ఊహించుకొనండి. వీధి వసారాలో వైఫై పెట్టె ఉన్నది. వెనుక మగ్గపు గదిలో చీర నేత ముగిసినది. దాని ఫొటోను చీరాల వర్తకునకు పంపబోగా ఫోనులో కదలిక లేదు. ‘నెట్టు పోయినది’ అని ఇంటివారు కంపెనీని నిందింతురు. కాని పలుమారులు దోషము తీగలో గాక, గోడలో ఉండును.

తీగపై వీధినుండి వచ్చునది ఇంటర్నెట్టు. దానిని అందుకొని ఇంటిల్లిపాదికి పంచు పెట్టె రౌటరు. రౌటరుకు, ఫోనుకు నడుమ గాలిలో సాగు రేడియో ప్రసారమే వైఫై. ఫోనును పెట్టె చెంతకు తెచ్చి చూడండి. అచట పనిచేసినచో లోపము ఇంటిలోనిదే. అచటను పనిచేయకున్న కంపెనీకి చెప్పవలెను.

రేడియో శ్రోతలకు తరంగములు కొత్త కావు. విజయవాడ కేంద్రపు మీడియం వేవు 837 కిలోహెర్ట్‌జ్; తరంగదైర్ఘ్యము సుమారు 358 మీటర్లు. వైఫై తరంగములు మిక్కిలి పొట్టివి. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగము 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్‌జ్ తరంగము 6 సెంటీమీటర్లు. మొదటిది గోడలను కొంత మేలుగా దాటును. రెండవదానికి వేగము హెచ్చు, దూరము తక్కువ. కనుక మగ్గపు గదికి మొదటిది, పెట్టె ఉన్న గదికి రెండవది తగును. పెట్టెను ఇనుప బీరువా చాటున గాక, ఇంటి నడుమ ఎత్తున ఉంచవలెను.

వైఫైకి మూలమైన 802.11 ప్రమాణము 1997లో వెలువడినది. పెట్టెలపై కనిపించు వైఫై 4, 5, 6 అను అంకెలు దాని తరములు. ఆ ప్రమాణములు వరుసగా 2009, 2013, 2021లలో వెలువడినవి. కొత్త పెట్టె పాత ఫోనుతోను పనిచేయును గాని, దాని వేగమును పెంచజాలదు.

ఇక తాళము మాట. డబ్ల్యూఈపీ అను తొలి రక్షణ పద్ధతిని ఛేదించుట నేడు సులభము. 2004 నాటి డబ్ల్యూపీఏ2 గాని, 2018 నాటి డబ్ల్యూపీఏ3 గాని ఎంచుకొని, పొడవైన పాస్‌వర్డ్ పెట్టవలెను. ఇంటిపేరు, ఫోను నంబరు పాస్‌వర్డుగా పనికిరావు. తాళము లేని వైఫైని పరులు దుర్వినియోగము చేసిన, విచారణ మొదట వచ్చునది మీ గడపకే.

1918లో వెలసిన సారస్వత నికేతనము విజ్ఞానమును అందరికి పంచుటకు తలుపు తెరచినది. గ్రంథాలయమునకు అది ధర్మము. ఇంటి వైఫైకి మాత్రము తలుపు వేసి, తాళపుచెవి మనవద్ద ఉంచుకొనుటయే క్షేమము.