వీడియో ఆటలు : వినోదమా? వ్యసనమా?

మనిషికి తిండి, నిద్ర ఎంత అవసరమో ఆట కూడా అంతే అవసరం. మన పల్లెల్లో వానాకాలం వస్తే అరుగుల మీద అష్టాచెమ్మా, పులీ-మేకా, వామనగుంటలు. వేసవి సెలవులొస్తే తోటల్లో కర్రా-బిళ్ళా, గోలీలు. వీటికి కావలసినవల్లా నాలుగు చింతపిక్కలు, ఒక సుద్దముక్క, నలుగురు స్నేహితులు. నేడు వీటన్నింటి స్థానాన్నీ అరచేతిలోని సెల్‌ఫోను ఆక్రమించింది. చోడవరం బస్టాండులో చూసినా, చెరకు తోటల గట్ల మీద చూసినా తల వంచుకుని బొటనవేళ్ళు కదుపుతున్న పిల్లలు కనబడుతూనే ఉంటారు. ఈ ఆటలు ఎక్కడ పుట్టాయి, మనల్ని ఎలా పట్టి ఉంచుతున్నాయి, వాటితో మనం ఎలా మెలగాలి అన్నది ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలన్నదే నా ఈ చిన్న ప్రయత్నం.

పుట్టుక, ప్రయాణం

1972లో అమెరికాలోని అటారీ కంపెనీ 'పాంగ్' అనే ఆటను విడుదల చేసింది. తెర మీద రెండు గీతలు, వాటి మధ్య తిరిగే ఒక చుక్క. అంతే ఆ ఆట! 1978లో జపాను నుంచి 'స్పేస్ ఇన్వేడర్స్', 1980లో 'ప్యాక్‌మ్యాన్' వచ్చాయి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ అనే ఇంజనీరు 'టెట్రిస్' తయారుచేశాడు. 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్' వచ్చింది. మన ప్రాంతానికి ఇవి కాస్త ఆలస్యంగా చేరాయి. మొదట టీవీకి తగిలించే క్యాసెట్ గేములు, ఆ తరువాత నెట్ సెంటర్లలో గంటకింత అని ఆడిన 'రోడ్ రాష్', ఆ తరువాత నోకియా ఫోనులో పాము ఆట. ఆ పాము మొదట కనిపించింది 1997 నాటి నోకియా 6110లో. మన పూర్వ విద్యార్థుల్లో ఆ పామును పెంచనివారు తక్కువే!

2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా చౌకైంది. ఫ్రీ ఫైర్, పబ్జీ వంటి ఆటలు ఊరూరా వ్యాపించాయి. 2020 లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదీ లూడో ఆడారు. ఆ లూడో మన దేశపు పచ్చీసు ఆట నుంచి పుట్టినదే. 1896లో ఇంగ్లండులో దానికి పేటెంటు కూడా తీసుకున్నారు. మన వైకుంఠపాళి కూడా అలాగే విదేశాలకు వెళ్ళి 'స్నేక్స్ అండ్ లాడర్స్' అయింది.

ఎందుకు వదలలేకపోతున్నాం?

అష్టాచెమ్మాలో కాయలన్నీ పండితే ఆట అయిపోతుంది. దీపాలు పెట్టే వేళకు అమ్మ కేకేస్తే గోలీలాట ఆగిపోతుంది. ఫోను ఆటకు మాత్రం ముగింపు ఉండదు. ఒక లెవెల్ తరువాత ఇంకొకటి, ఒక మ్యాచ్ తరువాత ఇంకొకటి.

దీని వెనుక ఒక సూత్రం ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకల మీద, పావురాల మీద ప్రయోగాలు చేశాడు. మీట నొక్కినప్పుడల్లా తిండి వస్తే, తిండి ఆగిపోగానే ఆ జీవి కొద్దిసేపటికి మానేస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియకుండా అప్పుడప్పుడూ వస్తే మాత్రం చాలాసేపు నొక్కుతూనే ఉంటుంది. ఆటలో పెట్టె తెరిస్తే ఏమి దొరుకుతుందో తెలియకపోవడం, రోజూ తెరిస్తేనే బహుమతి ఇవ్వడం, ఒక్క అడుగులో గెలుపు తప్పిపోవడం – ఇవన్నీ అదే కోవలోవి. ఆట ఉచితమే. డైమండ్లు, కొత్త దుస్తులు, తుపాకీ రంగులు మాత్రం డబ్బుకే!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 'గేమింగ్ డిజార్డర్'ను వ్యాధుల పట్టికలో చేర్చింది. 2019లో ఆమోదం పొందిన ఆ పట్టిక 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నింటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం – ఈ మూడూ సాధారణంగా ఏడాది పాటు ఉంటే దానిని జబ్బుగా లెక్కిస్తారు. అయితే ఆడేవారిలో ఈ స్థితికి చేరేది కొద్దిమంది మాత్రమేనని కూడా ఆ సంస్థే చెప్పింది. కనుక ఆడిన ప్రతివాడినీ చెడిపోయాడనడం సరికాదు.

మేలు కూడా ఉంది

వేగంగా కదిలే ఆటలు ఆడేవారికి చూపు నిలిపే శక్తి పెరుగుతుందని 2003లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 'ఫోల్డిట్' అనే ఆటలో ప్రోటీన్ల ఆకారాన్ని మలచాలి. పదేళ్ళకు పైగా శాస్త్రవేత్తలకు అంతుపట్టని ఒక వైరస్ ఎంజైము ఆకారాన్ని 2011లో ఆ ఆటగాళ్ళు మూడు వారాలలోపే పట్టుకున్నారు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు ఇచ్చారు. ఆట తయారుచేయడమూ ఒక ఉద్యోగమే. బొమ్మలు గీసేవారు, కథ రాసేవారు, సంగీతం కూర్చేవారు, ప్రోగ్రాము రాసేవారు – అందరికీ అందులో చోటుంది.

ఆట వేరు, జూదం వేరు

2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌ను, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. పిల్లలు పాడవుతున్నారని నిషేధించారని చాలామంది అనుకుంటారు. ప్రభుత్వం చెప్పిన కారణం దేశ భద్రత, మన సమాచార రక్షణ.

డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. ఆన్‌లైన్ రమ్మీ వంటి వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం ఇలాంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. నైపుణ్యంతో ఆడేదా, అదృష్టంతో ఆడేదా అన్న తేడా అందులో లేదు.

ఇందులోని మోసం తెలియడానికి చిన్న లెక్క చూద్దాం. ఇద్దరు చెరొక నూరు రూపాయలతో కూర్చున్నారు. ఆటకు చెరి పది రూపాయలు. గెలిచినవాడికి పద్దెనిమిది, ఆడించేవాడికి రెండు. ఎవరు గెలిచినా ప్రతి ఆటకూ రెండు రూపాయలు బయటికి పోతున్నాయి కదా! యాభై ఆటలయ్యేసరికి ఇద్దరి దగ్గరా కలిపి మిగిలేది నూరే.  ఆడించేవాడి జేబులో నూరు. ఇక్కడ ఆడేవారిద్దరూ ఆటలో అరటిపండ్లే.

మన సంగతి

మన హాస్టలు పిల్లలకు ఈ ఆటలు ఎందుకు నచ్చుతాయో ఆలోచించాలి. ఆటలో మన పేరు మనం పెట్టుకున్నదే. మీది ఏ ఊరు, ఏ పేట, మీ నాన్న ఏం చేస్తాడు అని ఎవరూ అడగరు. బాగా ఆడితే మెచ్చుకుంటారు. బయట అంత తేలికగా దొరకని గౌరవం అది. ఆ ఆకలి తప్పు కాదు. కాని ఫోను ఆపగానే ఆ గౌరవం కూడా ఆగిపోతుంది. డిగ్రీ పట్టా, ఉద్యోగ నియామక పత్రం తెచ్చే గౌరవం ఛార్జింగు అయిపోతే పోయేది కాదు.

రోజుకు రెండు గంటలు ఆడితే ఏడాదికి 730 గంటలు. అంటే ముప్పై పగళ్ళు, ముప్పై రాత్రులు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ అంతే. ఫోనులో చదువుతున్నామా, ఆడుతున్నామా అన్నది మన అమ్మానాన్నలకు తెలియదు. కొడుకు పాఠాలు వింటున్నాడనే నమ్మకంతో కూలి డబ్బుల్లోంచి రీఛార్జి చేయిస్తారు. కనుక మన మీద నిఘా మనమే పెట్టుకోవాలి.

ఆడేముందే ఎంతసేపో నిర్ణయించుకోండి. పరుపు మీదికి ఫోను తీసుకెళ్ళకండి. అమ్మానాన్నల బ్యాంకు ఖాతా ఉన్న ఫోనులో ఏ ఆటా పెట్టకండి. డబ్బు అడిగే ఆటను ఆ క్షణమే తీసేయండి. ఎవరైనా ఇప్పటికే అప్పులో చిక్కుకుని ఉంటే దాచకుండా వార్డెను గారికో, సీనియర్ అన్నయ్యలకో, అక్కలకో చెప్పండి. చెప్తే తిడతారేమో, దాస్తే మాత్రం అప్పు పెరుగుతుంది. సాయంత్రం వాలీబాలు, కబడ్డీ మానకండి. ఫోనులో ఎన్నిసార్లు చచ్చినా మళ్ళీ ఆట మొదలుపెట్టవచ్చు. పదో తరగతి, ఇంటర్ చదివే వయసు మాత్రం ఒక్కసారే వస్తుంది.